మంటకంటే ముందు వచ్చిన నీళ్లబండి

నాకు అనుమానం ఎక్కువని మా అమ్మ పోయేదాకా అంటూనే ఉంది. ఎవరైనా గుమ్మంలో నిలబడి నవ్వితే ముందు వాళ్ల ముఖం కాదు, చేతుల్లో ఏముందో చూసేదాన్ని. ఇప్పటికీ చూస్తాను. మెదక్‌లో నేను ఆడపిల్లల బడి నడిపిన రోజులు అలాంటివి మరి. పల్లెల్లో ఎర్రజెండా సంఘం వాళ్లు, ఊళ్లో రజాకార్లు, మధ్యలో నిజాం పోలీసులు. శంకరంపేట నుంచి పాలమనిషి వస్తే అక్కడి సంగతులు అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగితే ఈ పిల్లకెందుకీ ఆరా అనుకుంటాడు. అడగకపోతే దీనికి ముందే తెలుసు కాబోలు అనుకుంటాడు. అందుకని పాలు చిక్కగా లేవని పోట్లాడి లోపలికి వచ్చేసేదాన్ని.

బకెట్ల సంగతి చెబితే ఆ రోజులు ఎలాంటివో తెలుస్తుంది. మునిసిపాలిటీని మేం బల్దియా అనేవాళ్లం. బల్దియాలో తనిఖీలు చేసే దరోగా ఒకరోజు బడికి వచ్చి, గడ్డి కప్పు ఉన్న బడులన్నింటిలో ఇసుక నింపిన బకెట్లు వేలాడదీయాలని, మంట లేస్తే వెంటనే కంటబడేలా వాటికి ఎర్ర రంగు వేయాలని హుకుం చెప్పి పోయాడు. నేనే కొంగు బిగించి రంగు వేశాను. ఆ రంగు సరిగా ఆరకముందే పోలీసు అమీన్ సాబ్ బడి ముందు గుర్రం దిగాడు.

"గీ లాల్ రంగ్ ఎవలు కొట్టిన్రు?"

"నేనే కొట్టిన సాబ్. బల్దియా దరోగా సాబ్ కొట్టుమన్నడు."

"సంగపోళ్ల జెండ రంగు నీకు ఏడ దొరికింది?"

బజార్లో దుకాణంలో కొన్నానంటే ఆయన నమ్మలేదు. ఆ దుకాణం దాకా పోయి ఉన్న డబ్బాలన్నీ మూతలు తీయించి చూశాడు. చివరికి నా బకెట్లకు పచ్చ రంగు కొట్టించి గానీ కదలలేదు. మరోసారి దరోగా వచ్చి పచ్చ బకెట్లు చూసి కస్సుమన్నాడు. ఇద్దరూ సర్కారు మనుషులే, ఇద్దరి మాటా వినాలి. చేసేదేం లేక ప్రతి బకెట్‌కూ ఒక పక్క ఎరుపు, ఒక పక్క పచ్చ వేశాను. పచ్చ పక్క రోడ్డువైపు ఉండేది. దరోగా వస్తున్నాడని తెలిస్తే పరుగెత్తి తిప్పి పెట్టేదాన్ని. వాటిలో ఇసుక ఉందో లేదో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ తొంగి చూడలేదు.

మా బడి ఒక పాత ఇల్లు. వెనక గదులకు గూన పెంకులు, ముందు హాలుకు గడ్డి కప్పు. ఆ గడ్డి ఎప్పుడు వేశారో చెప్పగలిగినవాళ్లు ఊళ్లో లేరు. వాన పడితే పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని ఎక్కాలు చెప్పేవాళ్లు. ఎండాకాలం పైనుంచి తేళ్లు రాలేవి. దరోగా ఏటా వచ్చి, దూలాన్ని కర్రతో కొట్టి, చెవి పెట్టి విని, "ఇంకో ఏడు ఆగుతది" అని పోయేవాడు. దూలం ఆయనకు ఏం చెబుతోందో అని నేనూ ఒకసారి స్టూలెక్కి చెవి ఆనించాను. చెదలు కొరుకుతున్న చప్పుడు వినబడింది. ఈయన చెవిటివాడైనా అయి ఉండాలి, లేకపోతే బడి కూలితే బాగుండుననుకునేవాడైనా అయి ఉండాలి అనుకున్నాను.

తర్వాత ఆ ఇల్లు మాకు కావాలని రజాకార్లు అన్నారు. కవాతు చేసుకోవడానికి మా వాకిలి బాగుందట. బడి మూతబడింది. ఊళ్లో చాలామంది పిల్లాజెల్లాను తీసుకుని తెలిసిన ఊళ్లకు పోయారు. మేం ఎక్కడికి పోతాం? నేనూ మా అమ్మా చర్చి పక్క పేటలో మా ఇంట్లోనే తలుపేసుకుని ఉండిపోయాం. పోలీస్ యాక్షన్ జరిగి, మిలిటరీ లారీలు ఊళ్లోకి వచ్చి, రజాకార్లు ఎటు వాళ్లు అటు మాయమయ్యాక బడి మళ్లీ తెరిచారు. లోపల బీడీ ముక్కలు, గోడల నిండా మేకులు. బకెట్లు ఎవరో ఎత్తుకుపోయారు.

బడి తెరిచాక వచ్చిన పెద్ద కష్టం నీళ్లు. వాకిట్లో నిండు బావి ఉంది. కానీ అందులో నేను చేద వేయకూడదు. మేం కిరస్తానీలం. తాతల కాలం నుంచి చర్చి నీడలో బతుకుతున్నా మా పాత కులాన్ని ఊరు మరిచిపోలేదు. పంతులమ్మనైనా సరే, నేను తాడు ముట్టుకుంటే బావి పనికి రాకుండా పోతుంది. వెనకటి రోజుల్లో నీళ్లు తోడడానికి ఒక ముసలమ్మ ఉండేది. పెద్దిళ్ల పిల్లలకు చెంబుతో ఇచ్చి, మా పేట పిల్లలకూ నాకూ ఎత్తు నుంచి దోసిట్లో పోసేది. గొడవల్లో ఆమె శివ్వంపేటలో కూతురింటికి పోయి తిరిగి రాలేదు. ఇంకో మనిషిని పెట్టమని బల్దియాను అడిగితే చూద్దామన్నారు. పెద్దిళ్ల పిల్లలు తామే తోడుకునేవాళ్లు, లేదా ఇంటి నుంచి చెంబు తెచ్చుకునేవాళ్లు. మా పిల్లలు పొద్దంతా నాలుక పిడచకట్టుకుని కూర్చునేవాళ్లు. నేనూ అంతే. నిండు బావి పక్కన గొంతెండిపోతూ పాఠం చెప్పాలంటే ఒళ్లు మండిపోయేది.

ఊరికంతా మంటలార్పే ఏర్పాటు బల్దియా నీళ్లబండి ఒక్కటే. ఒక ఎద్దు లాగే పీపా బండి. దాన్ని నడిపే మనిషిని భిస్తీ అనేవాళ్లం, తోలుసంచితో నీళ్లు మోసే సాయిబు. పొద్దున బజారులో దుమ్ము అణిగేలా నీళ్లు చల్లడం, ఎక్కడైనా అంటుకుంటే ఉరకడం ఆయన పని. మా ఇంటికి దగ్గర్లోనే ఉండేవాడు. నాకు తండ్రి వయసు. నాతో మాట్లాడేటప్పుడు కళ్లెత్తి చూసేవాడు కాదు. అయినా ఆయన విషయంలో నా మనసులో ఒక ముల్లు ఉండేది. రజాకార్లు మా బడిలో ఉన్నప్పుడు వాళ్లకూ ఈయనే నీళ్లు పోశాడు. బల్దియా నౌకరు, పోయనంటే బతకనిస్తారా? అది తెలిసి కూడా ఆ ముల్లు పోలేదు.

దప్పిక దేన్నైనా పక్కన పెట్టిస్తుంది. ఒకరోజు ఆయన్ను ఆపి అడిగాను.

"జర మద్యాన్నం పూట బడి ఎనుక దిక్కు బండి ఆపుతరా? పిల్లలకు తాగనీకి నీళ్లు లేవు."

ఆయన ఎద్దు మెడ నిమిరాడు.

"నా తోలుసంచి నీళ్లు తాగుతరా అమ్మా మీ పిల్లలు?"

"మా పిల్లలు తాగుతరు."

"తక్కినోళ్లు చూస్తె?"

"ఎనుక దిక్కు ఎవ్వలొస్తరు? నాది జిమ్మ, ఏమైన నేను చూసుకుంట."

మర్నాటి నుంచే వచ్చాడు. పీపాలోంచి తోలుసంచి నింపి, మూతి వదులు చేసి, సన్నటి ధార దోసిట్లో పోసేవాడు. మొదట మా పిల్లలే తాగారు. ఎండ ముదిరేకొద్దీ తక్కినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూడటం, చూసి నవ్వడం, నవ్వి దోసిలి పట్టడం మొదలుపెట్టారు. నీళ్లు చల్లగా ఉంటాయి, చేద లాగే పని లేదు, పైగా దొంగతనంగా తాగే సరదా. బల్దియా కొత్త చైర్మన్ మనవరాలైతే అందరినీ తోసుకుని ముందు నిలబడేది. నేను ఆపలేదు. ఎందుకు ఆపాలి? ఇంట్లో చెబితే వీపు పగులుతుందని, బడి మాన్పిస్తారని ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లలకు తెలుసు. ఒక్క ఇంట్లో తెలిసినా పెద్దిళ్ల పిల్లలంతా మానేస్తారు, పిల్లల్లేని బడిని బల్దియా మూసేస్తుంది. అది నాకు తెలుసు.

ఆ ఎండాకాలమే బడి గడ్డి కప్పు తీసి పెంకులు వేయాలని బల్దియా కొత్త కమిటీ తీర్మానించింది. చైర్మన్ అంటే ఆ మనవరాలి తాతే, బట్టల దుకాణం ఆసామి. కాంట్రాక్టు దక్కింది ఆయన బామ్మర్దికి. పని సరిగా జరుగుతోందో లేదో చూడటానికి మద్రాసు వైపు నుంచి వచ్చిన ఒక ఓవర్సీరు ఉన్నాడు. కొత్త సర్కారు మనిషి, మా మాట ఆయనకు సగం అర్థమయ్యేది కాదు. దింపిన పెంకులు చూశాను. కొన్నింటికి నాచు పట్టి ఉంది. ఎవరింటి కప్పు విప్పి తెచ్చారో! ఓవర్సీరు వాటిని చూశాడు గానీ ఏమీ అనలేదు. ఈయన కూడా వాళ్లలో కలిసిపోయాడని అప్పుడే నిర్ణయించుకున్నాను.

పాత గడ్డి కప్పు విప్పే ముందు మా దిక్కు పొగ పెడతారు. కుండలో నిప్పులు పోసి, పైన పచ్చి వేపాకు కప్పి, కప్పు కింద వేలాడదీస్తారు. ఆ పొగకు తేళ్లు, పాములు దిగి పోతాయి. పొగ ఉన్నంతసేపు ఒక మనిషి కుండను కనిపెట్టుకుని ఉండాలి. ఆరోజు కాంట్రాక్టర్ మనుషులు కుండ వేలాడదీసి అందరూ అన్నానికి పోయారు. నేను పిల్లల్ని వెనక్కి తోలాను. భిస్తీ బండి అప్పుడే వచ్చి ఆగింది. తోలుసంచి నిండింది, పిల్లలు దోసిళ్లు చాపారు. ముందు హాల్లో చిటపటమని చప్పుడైంది.

ఆయన అక్కణ్ణుంచే సంచితో పరుగెత్తాడు. నేను పిల్లల్ని పక్క సందులోంచి రోడ్డు మీదికి లాగాను. ఒక సంచి, మళ్లీ పీపా దగ్గరికి, మళ్లీ ఒక సంచి. నిచ్చెన ఎక్కి వెనక గదుల వైపు ఉన్న గడ్డిని చేతులతోనే పీకి కింద పారేశాడు. బజారు జనం బిందెలతో వచ్చేసరికి ముందు కప్పు సగం బూడిదైంది. వెనక గదులు మిగిలాయి. ఒక్క పిల్లకూ ఏమీ కాలేదు. ఆయన ముంజేతులు బొబ్బలెక్కాయి.

ఆ బొబ్బలు నేను చూస్తుండగానే కాంట్రాక్టర్ వచ్చాడు. కుండలో నిప్పులు ఆర్పే అన్నానికి పోయామన్నాడు. తర్వాత, చుట్టూ ఉన్న జనం వినేలా అడిగాడు.

"మంటకంటె ముందుగల్లనే గీ నీళ్లబండి గీడికెట్లొచ్చింది?"

అంతే. ఆ ప్రశ్న సాయంత్రానికి ఊరంతా తిరిగొచ్చింది. గడ్డిలో రజాకార్లు తుపాకులు దాచారని ఒకరు, వాళ్ల కాగితాలు దాచారని ఒకరు, అవి బయటపడకుండా సాయిబుతో అంటుపెట్టించారని అందరూ. నీళ్లబండిని బల్దియా వాకిట్లో కట్టేశారు, భిస్తీని ఠాణాలో కూర్చోబెట్టారు. రజాకార్లకు సాయపడ్డారన్నవాళ్లను లారీల్లో సంగారెడ్డికి పంపుతున్న రోజులవి. ఎక్కినవాళ్లు ఎప్పుడు తిరిగి వస్తారో అడగడానికి కూడా వాళ్ల ఇళ్లవాళ్లు జంకేవాళ్లు.

"నువ్వు నోరు తెరిస్తె నీ బడి పోతది," అంది మా అమ్మ.

"తెరవకపోతె ఆయన పోతడు."

"నిజంగ ఆయననే పెట్టిండేమో, నీకేమెరుక?"

నేను కస్సుమని లేచాను. కానీ రాత్రంతా ఆ మాటే తొలిచింది. ఆరోజు బండి రోజూకన్నా కాస్త ముందు వచ్చిందా? రజాకార్లకు నీళ్లు పోసిన మనిషే కదా? చప్పుడు వినగానే అంత తొందరగా ఎలా పరుగెత్తాడు? చప్పుడైనప్పుడు ఆయన నా కళ్ల ముందే ఉన్నాడు, నా పిల్లల చేతుల్లో నీళ్లు పోయబోతున్నాడు. ఆ మనిషి మీద కూడా నాకు అనుమానం వచ్చిందంటే నా బుద్ధి ఎలాంటిదో చూడండి.

మర్నాడు విచారణ బడి వాకిట్లోనే. చైర్మన్‌కు కుర్చీ వేశారు. మంట మీద రిపోర్టు రాయాల్సిన ఓవర్సీరు కాలిన దూలాలు చూసి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. భిస్తీ నేలమీద, అటూ ఇటూ పోలీసులు. గోడ అవతల ఊరి జనం.

"కుండ సంగతి అలా ఉంచండి," అన్నాడు ఓవర్సీరు. "ఏమయ్యా, మంట పుట్టకముందే నువ్విక్కడ ఎందుకున్నావు?"

"ఎద్దుకు జర నీడ కావాలని ఆపిన సాబ్."

జనం గొల్లుమన్నారు. బడి వెనక చెట్టు లేదు, మిట్టమధ్యాహ్నం గోడ నీడ కూడా ఉండదు. ఆయన బడిని కాపాడటానికి అబద్ధమాడుతున్నాడని నాకు అర్థమైంది. అబద్ధం చేతకాని మనిషి, లారీ ఎక్కడానికి కావలసినదంతా తన నోటితోనే చెప్పేస్తున్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఆయన అబద్ధమాడుతుండు," అన్నాను. భిస్తీ మొదటిసారి కళ్లెత్తి నావైపు చూశాడు. "నేనే రమ్మన్న. దినాం మద్యాన్నం వచ్చి బడి పిల్లలకు నీళ్లు పోస్తడు."

చైర్మన్ కుర్చీలో ముందుకు వంగాడు. "ఏ పిల్లలకు?"

"పిల్లలందరికి."

కాంట్రాక్టర్ అరిచాడు. "మా పిల్లలు సాయిబు తోలుసంచి నీళ్లు తాగుతరా? అబద్ధం!" గోడ అవతల నుంచి ఒక్కొక్కరే అందుకున్నారు. అబద్ధం, అబద్ధం. వాళ్ల గొంతుల్లో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. నా మాట నిజమైతే ఎండాకాలమంతా వాళ్ల ఇళ్లలో జరిగిన వంట, పూజ, తినడం, తాగడం అన్నీ మైలపడ్డట్టే. అందుకని అది అబద్ధమే కావాలి.

"గట్లయితె పిల్లలనె అడుగుండ్రి," అన్నాను.

"అదీ నిజమే," అన్నాడు ఓవర్సీరు. "పిల్లల్ని పిలిపించండి."

చైర్మన్ లేచి నిలబడ్డాడు. "పిల్లలను అడిగేది లేదు."

ఆయన నా కళ్లలోకి చూశాడు. మనవరాలు చెంబు లేకుండా బడికి పోతూ దప్పిక అనకుండా ఇంటికి వస్తోందని ఆయనకు అప్పుడే గుర్తొచ్చి ఉండాలి. ముఖం పాలిపోయింది. ఓవర్సీరు ఆయన్నూ నన్నూ మార్చి మార్చి చూశాడు. మా మాట సగమే అర్థమైనా ఆ ముఖం పూర్తిగా అర్థమైనట్టుంది.

"పిల్లల్ని అడగనివ్వకపోతే పంతులమ్మ మాట అబద్ధమని నేను రాయలేనండీ," అన్నాడు నెమ్మదిగా. "ఈ మనిషిని సంగారెడ్డికి పంపడానికి నాకు కారణం కనబడలేదు."

"ఇడిచిపెట్టుండ్రి," అన్నాడు చైర్మన్. తర్వాత జనం వైపు తిరిగి గొంతు పెంచాడు. "పంతులమ్మది అబద్ధమే. ఎద్దును నీడకు కట్టిండు, అంతె. ఇగనుంచి నా హుకుం లేనిది నీళ్లబండి ఏడికీ కదలొద్దు. మంటకైన సరె."

ఓవర్సీరు తలూపాడు. బండి మీద పై అధికారి అదుపు ఉండటం మంచిదేనని ఆయనకు తోచి ఉంటుంది. ఆయన్ను నేను తప్పుగా అంచనా వేశానని తెలిసింది. కానీ ఆ తలూపడం మాత్రం నాకు నచ్చలేదు.

నేను అబద్ధాలకోరునని ఊరంతా తేల్చింది కాబట్టి బడి నిలిచింది. నిజం చెప్పానని ఒప్పుకుని ఉంటే ఒక్క పిల్లా వచ్చేది కాదు. పెద్దిళ్ల పిల్లలందరూ చేతిలో చెంబులతో వచ్చారు. ఇన్నాళ్లూ దొరకని నీళ్లు తోడే మనిషి వెంటనే దొరికింది. మాకు మళ్లీ ఎత్తు నుంచి దోసిట్లో పోసేది. భిస్తీ మా గల్లీలో ఎదురైతే పాత పద్ధతిలోనే నేలవైపు చూసి సలాం చెప్పి పోయేవాడు. పాత పెంకులతోనే కప్పు పూర్తయింది.

వానలు ఇంకా రాకముందు ఒక మధ్యాహ్నం లెక్కలు చెబుతుంటే కిటికీలోంచి చర్చి పక్క పేట మీద పొగ కనబడింది. మా ఇళ్ల వరసే అనిపించింది. పరుగెత్తాను. మా ఇల్లే. అమ్మ ఒంటిమీది చీరతో వాకిట్లో నిలబడి ఉంది. ఇరుగుపొరుగు బిందెలతో ఉరుకుతున్నారు, ఆ నీళ్లు మంటకు ఏ మూలకూ చాలడం లేదు. గల్లీ మొగదాల నీళ్లబండి ఉంది, వేరే హుకుం మీద ఎక్కడికో నీళ్లు తీసుకుపోతూ అక్కడ ఆగిందట. ఎద్దు కట్టి ఉంది, పీపా నిండుగా ఉండి సందుల్లోంచి కారుతోంది. భిస్తీ ముక్కుతాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నేను అరిచాను. రెండు చేతులూ ఊపాను. ఆయన కదలలేదు. బల్దియా జవాను హుకుం తేవడానికి చైర్మన్ దగ్గరికి పోయాడని ఎవరో అన్నారు. దుకాణంలో లేడట, ఇంట్లో పడుకున్నాడట, లేపాలట. జవాను రొప్పుతూ వచ్చి చెయ్యి ఊపగానే భిస్తీ ఎద్దును అదిలించి, తోలుసంచితో మంటల్లోకే దూకినట్టు వచ్చాడు. అప్పటికి కప్పు కూలిపోయింది. మా నాన్న చేసిన మంచం, అమ్మ పెళ్లి పెట్టె, మా బైబిలు, నా పుస్తకాలు అన్నీ దాని కింద ఉన్నాయి. గోడలు తడిసి పొగలు కక్కుతుంటే నేను ఆయన ముందుకు పోయి నిలబడ్డాను. కొట్టేదాన్నే, చెయ్యి లేవలేదు.

"పీప నిండ నీళ్లున్నయి కద. ఇల్లు నాదని ఎరిక లేదా?"

"ఎరికె అమ్మా."

"మరెందుకు రాలే?"

ఆయన గడ్డం మీద నీళ్లు కారుతున్నాయి. చెమటో, ఏడుపో నాకు తెలియలేదు.

"హుకుం లేకుంట ఉరికొస్తె మల్ల గదే మాట అడుగుతరు. బడి కాలినప్పుడు నా దిక్కు చెప్పనీకి మీరుంటిరి. మీ ఇల్లే కాలుతుంటె నా దిక్కు ఎవలున్నరమ్మా?"

నేను లేనా అనబోయాను. ఈరోజు మంట లేచినప్పుడు ఆయన నా కళ్ల ముందు లేడు, నేను బడిలో ఉన్నాను. నేను వచ్చేసరికి అందరికంటే ముందు ఆయనే నా వాకిట్లో నిండు సంచితో నిలబడి ఉంటే నాకు మొదట ఏ ప్రశ్న పుట్టేదో నాకు బాగా తెలుసు. ఆ మాట మింగి, తిరిగి మా అమ్మ దగ్గరికి నడిచాను.